కరెంటు శ్రుతి

అటక మీద డబ్బాలో క్యాసెట్లున్నాయని నాకు తెలుసు. ఇన్నేళ్లూ వాటి జోలికి పోకపోవడానికి కారణం బద్ధకం కాదు, భయం. అబ్బో, ఆ రాత్రులు, ఆ వాయింపు అని నలుగురి దగ్గరా చెప్పుకుంటూ వచ్చాను కదా. తీరా టేపు పెట్టి వింటే ఏముంటుందోనని. పోయిన నెల ధైర్యం చేసి దించాను. మొత్తం 31. ఏడింటిలో టేపును హెడ్‌కి ఆనించే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయింది. నాలుగింటికి బూజు పట్టింది. ఒకదాని మీద నా చేతిరాతతో "గది, చివరిది" అని ఉంది. తారీఖు లేదు. తారీఖులు వెయ్యడం గుమస్తాల పని అనుకునే రోజులవి. ఆ తెలివికి ఇప్పుడు నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

నేను రాక్ గిటారిస్టుని. ఆ గదికి వెళ్లకముందూ అంతే, తర్వాతా అంతే. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే ఆ గదిలో కూర్చున్నవాళ్లలో చాలామంది రాక్‌ని పిల్లల ఆటగా చూసేవాళ్లు. అప్పట్లో నాకు తెలిసిన సంగీతమంటే వేగం. సెకనుకి ఎన్ని స్వరాలు పలికించగలనన్నదే నా లెక్క. ఓ సాయంత్రం మా డ్రమ్మర్ వచ్చి, "ఒరేయ్, ఓ చోటికి తీసుకెళ్తా, నవ్వకూడదు" అన్నాడు.

నేల కింది గది. పదకొండు మెట్లు దిగాలి. పనికిరాని సామాను పడేసుకునే చోటు, ఎత్తుగా ఉన్నవాడు తల వంచి నడవాల్సిందే. రెండు ట్యూబులైట్లు, గోడకి ఒక పాత స్విచ్‌బోర్డు, దాని పక్కనే పిడి ఉన్న మెయిన్ స్విచ్. జనం ఎప్పుడూ పన్నెండు నుంచి ఇరవై మంది. అందులో సగం మంది తర్వాత వాయించాల్సినవాళ్లే, కాబట్టి ఎవరినీ ఎవరూ ఎగతాళి చేసే వీలు లేదు. ఇలాంటి ప్రయోగాల సంగీతాన్ని అండర్‌గ్రౌండ్ అంటారు, ఆ మాటకి మా దగ్గర అంతకు మించిన లోతు లేదండీ, నిజంగానే భూమి కింద ఉండేవాళ్లం.

ఆ మొదటి రోజు ఒకతను గిటార్‌ని బల్ల మీద శవంలా వెల్లకిలా పడుకోబెట్టాడు. ఫ్రెట్ల (గిటార్ మెడ మీది లోహపు గీతల) మీద చెయ్యి కూడా వెయ్యలేదు. తీగల మధ్య ఒక స్ప్రింగు దూర్చాడు, మొసలి నోరులాంటి వైరు క్లిప్పులు రెండు తగిలించాడు, బ్యాటరీతో తిరిగే బుల్లి ఫ్యాన్ రెక్క తీగకి తగిలీ తగలనట్టు పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది నిమిషాలు అంతే. మొదటి నిమిషం నవ్వు ఆపుకోవడంతో సరిపోయింది. మూడో నిమిషానికి విసుగొచ్చింది. ఆరో నిమిషంలో ఆ ఒక్క శబ్దంలోంచి ఇంకో రెండు మూడు సన్నటి శబ్దాలు పైకి లేవడం వినబడింది. అవి అప్పుడే పుట్టాయో, మొదటి నుంచీ ఉండగా నా చెవికే ఆనలేదో చెప్పలేను. అయిపోయాక వెళ్లి తీగలు ముట్టుకుని చూశాను. మామూలు తీగలే. లండన్‌లో 1965లో మొదలైన ఎఎమ్ఎమ్ బృందంలో కీత్ రో అనే ఆయన గిటార్‌ని ఇలాగే బల్ల మీద పెట్టి వాయించేవాడని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రోజుకి మాత్రం, పాపం ఇతనికి గిటార్ పట్టుకోవడం రాదేమో అనుకున్నాను.

తర్వాతి వారం నా గిటార్ పట్టుకెళ్లాను. నాకు వచ్చిందంతా పది నిమిషాల్లో వాళ్ల మీద కుమ్మరించాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తిట్టలేదు. మూల కూర్చుని రీళ్ల టేపు మిషన్ తుడుచుకుంటున్న ఒకాయన మాత్రం తల ఎత్తి, "చాలా వచ్చు నీకు" అన్నాడు. పొగడ్త అనుకుని ఇంటికెళ్లాను. అది పొగడ్త కాదని బుర్రకెక్కడానికి మూడు రోజులు పట్టింది.

ఆయన్ని అందరం టేపులాయన అనేవాళ్లం. మా అందరికంటే పెద్దవాడు, "అన్నా" అని పిలిచేవాళ్లం. ఆయన దగ్గర రెండు రీళ్ల మిషన్లు, ఒక బ్లేడు, టేపు అతికించే అచ్చు ఉండేవి. టేపుని నిలువునా కొయ్యకూడదు, ఏటవాలుగా 45 డిగ్రీలకు కొయ్యాలి, అప్పుడే అతుకు దగ్గర టక్కుమనకుండా ఒక శబ్దం ఇంకో శబ్దంలోకి జారుతుంది. ఇది ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం. మిషన్ సెకనుకి 19 సెంటీమీటర్ల టేపు లాగుతుంది కాబట్టి పది సెకన్ల లూప్ (కొసలు అతికించి మళ్లీ మళ్లీ తిరిగే టేపు) కావాలంటే దాదాపు రెండు మీటర్ల టేపు. అది మిషన్ మీద పట్టదు. మైకు స్టాండు చుట్టూ తిప్పి తెచ్చేవాళ్లం. ఇంకా పొడుగుదైతే గది అవతలి మూల ఒకడు దాని చుట్టూ టేపు తిరిగేలా పెన్సిలు పట్టుకుని నిలబడాలి. నేను వాయించిన తొలి "కచేరీ"ల్లో నా వాద్యం ఆ పెన్సిలే. గంటన్నర నిలబడ్డాను. వేగంగా వాయించేవాడి చేత కదలకుండా నిలబడే పని చేయించడంలో టేపులాయన ఉద్దేశం ఏమిటో ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

ఆయనకి ఒక నియమం ఉండేది. వాయించడం ఆగినంత మాత్రాన అయిపోయినట్టు కాదు. శబ్దం పూర్తిగా చచ్చేదాకా ఎవరూ కదలకూడదు. ఎవరైనా కుర్చీ జరిపితే "ఇంకా వస్తోంది" అనేవాడు, కళ్లు తెరవకుండానే.

ఇక నా అసలు గొడవ. నా గిటార్‌లో సింగిల్ కాయిల్ పికప్పులు, అంటే తీగల ఊపుని కరెంటుగా మార్చే ఒంటి చుట్టలు, చుట్టుపక్కల కరెంటు హోరుని కూడా పట్టేస్తాయి. ఇంట్లో అదో సమస్య కాదు, ఆ గదిలో మాత్రం జాక్ పెట్టగానే యాంప్లిఫయర్ హోరెత్తిపోయేది. ట్యూబులైట్ల చోకులు పైనుంచి ఒక గుయ్, యాంప్ కిందనుంచి ఒక గుయ్. తీగల మీద చెయ్యి వేస్తే కాస్త తగ్గేది, తీస్తే మళ్లీ మొదలు. గిటార్ అటు తిప్పి ఇటు తిప్పి, వైర్లు మార్చి, ఎర్తింగ్ చూసి, ప్రతి సాయంత్రం అరగంట ఆ హమ్మింగ్‌తో కుస్తీ. ఓ రోజు ఓపిక నశించి లైట్లు ఆర్పేయమని అరిచాను.

అక్కడ వయొలిన్ వాయించే ఒకామె ఉండేది. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం నేర్చుకుని, అది ఎందుకో వదిలేసి మాలో వచ్చి పడింది. ఆమె పైకి చూసి తాపీగా అంది: "లైటుతో ఎందుకండీ గొడవ? శ్రుతి పెట్టె అనుకుని వాయించండి."

అందరం నవ్వాం. టేపులాయన నవ్వలేదు. లేచి యాంపుల సౌండ్ తగ్గించి, "మీ తీగలు దానికి కలపండి" అన్నాడు.

కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. చోకు అందులో రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ దగ్గర హోరు పెడుతుంది. గిటార్‌లో లావు తీగ మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జి స్వరం 98. రెండూ పక్కపక్కనే ఉన్నాయి కానీ కలవవు. అలా కలవని రెండు శబ్దాలు ఒకేసారి మోగితే మధ్యలో ఒక ఊపు వినిపిస్తుంది, వావ్ వావ్ అని, ఇక్కడ సెకనుకి రెండుసార్లు. తీగ బిగిస్తుంటే ఆ ఊపు నెమ్మదిస్తుంది. సెకనుకి ఒకటి, రెండు సెకన్లకి ఒకటి, తర్వాత ఒక పెద్ద నిట్టూర్పులా, చివరికి ఊపే లేదు. ఆ క్షణంలో గిటార్ మాయమైపోయింది. గిటార్ మోగుతోందో గదే మోగుతోందో తెలియలేదు. వేదికల మీద వేలసార్లు ట్యూనింగ్ చేసినవాణ్ని. తీగ ఒక చోటికి చేరడమంటే ఏమిటో ఆ రోజే తెలిసింది.

అప్పటి నుంచి ఆ గదిలో ట్యూనర్ వాడలేదు. లెక్క కట్టి చూస్తే మామూలు శ్రుతి కన్నా 35 సెంట్లు, అంటే అర్ధస్వరంలో (గిటార్ మీద ఒక ఫ్రెట్ దూరంలో) మూడో వంతు పైన ఉండేవాళ్లం. లోకమంతా ఎ స్వరాన్ని 440 దగ్గర పెట్టుకుంటే మాది 449. బయటి నుంచి కీబోర్డు పట్టుకొచ్చినవాడు పాపం ఎవరితోనూ కలవలేకపోయేవాడు. కరెంటు కూడా 50 మీద కచ్చితంగా నిలబడదు, లోడుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. దాంతో పాటు మేమూ అయ్యేవాళ్లం.

ఇదేదో మేమే కనిపెట్టామని కొన్నాళ్లు ఛాతీ విరుచుకు తిరిగాం. తర్వాత ఒకతను ఎక్కడి నుంచో జిరాక్స్ కాగితాలు పట్టుకొచ్చి గాలి తీసేశాడు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్. 1960ల్లోనే న్యూయార్క్‌లో లా మాంటే యంగ్ అనే స్వరకర్త బృందం ఆ హోరుని ఆధారంగా పెట్టుకుని గంటల తరబడి ఒకే స్వరాన్ని సాగదీసింది. అందులో వయోలా వాయించిన జాన్ కేల్ అక్కణ్నుంచి వెళ్లి లూ రీడ్‌తో కలిసి వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే రాక్ బ్యాండు పెట్టాడు. అంటే రాక్‌కీ ఈ గోలకీ మధ్య చుట్టరికం ఎప్పటి నుంచో ఉందన్నమాట, నన్ను చూసి పెదవి విరిచినవాళ్లకి చెప్పుకోవడానికి ఇది నాకు బాగా పనికొచ్చింది. అదే లా మాంటే యంగ్ 1970లో హిందుస్తానీ గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ దగ్గర శిష్యరికం మొదలుపెట్టాడు. ఆ కాగితం చదివి వయొలిన్ ఆమె, "అన్ని సముద్రాలు దాటి తంబురా దగ్గరికే వచ్చారా" అని పడీ పడీ నవ్వింది.

క్యాసెట్లు పోస్టులో తిరిగేవి. ఒకటి పంపితే ఒకటి వస్తుంది, డబ్బు ప్రసక్తి లేదు. కాపీ నుంచి కాపీ, దాన్నుంచి కాపీ. నాలుగు చేతులు మారేసరికి సంగీతం వెనక్కీ టేపు హిస్ (సర్రుమనే రొద) ముందుకీ వచ్చేది, కొందరికి ఆ హిస్సే ఇష్టం. మా దగ్గర నాలుగు ట్రాకుల (నాలుగు శబ్దాల్ని టేపు మీద పక్కపక్కనే విడివిడిగా నింపే) క్యాసెట్ రికార్డర్ ఉండేది. 1979లో టాస్కామ్ వాళ్ల పోర్టాస్టూడియోతో మొదలైన రకం. అవి మామూలు క్యాసెట్ మీదే రికార్డు చేస్తాయి కానీ టేపుని రెట్టింపు వేగంతో లాగుతాయి, పైగా రెండు వైపులా ఉండాల్సిన నాలుగు ట్రాకుల్నీ ఒకే దిశలో వాడేస్తాయి. ఓసారి నేను హడావుడిలో కాపీ బదులు ఆ అసలు క్యాసెట్టే పోస్టు చేశాను. అందుకున్నతను మామూలు డెక్‌లో పెట్టుకున్నాడు. ఒక వైపు రెండు ట్రాకులు సగం వేగంతో ముందుకి. తిప్పితే మిగతా రెండూ సగం వేగంతో వెనక్కి. పదిహేను రోజులకి మూడు పేజీల ఉత్తరం వచ్చింది. ఇంతవరకు మేం చేసినవాటిలో ఇదే గొప్పదట, ముఖ్యంగా రెండో వైపు. జరిగింది అతనికి ఎప్పుడూ చెప్పలేదు. తర్వాత రెండు రికార్డింగులు మేమే కావాలని అలా చేశాం, అవి మాత్రం ఎవరికీ నచ్చలేదు.

నిజం చెప్పాలంటే ఆ గదిలో విన్నదాంట్లో ముప్పాతిక వంతు చెత్త. ఇనప డ్రమ్ముని గంటసేపు సుత్తితో బాదినవాడు ఉన్నాడు, బాదుడు ఆపాక దాని తాత్త్వికార్థం ఇంకో అరగంట చెప్పాడు. అంతకన్నా బాధపెట్టింది పట్టింపు. ఏ కట్టుబాటూ లేదంటూనే పాట పాడకూడదనే కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరైనా పొరపాటున ఒక మంచి బాణీ వాయిస్తే మొహమొహాలు చూసుకునేవాళ్లు. నేను వారాంతాల్లో మా రాక్ బ్యాండుతో నాలుగు కార్డ్‌ల (కలిపి మీటే స్వరాల గుత్తుల) పాటలు వాయిస్తున్నానన్న సంగతి ఏడాది దాకా ఆ గదిలో ఎవరికీ తెలియనివ్వలేదు. అక్కడేమో మా సింగర్, "ఏంట్రా, మధ్యలో ఆ కీచు చప్పుళ్లు" అని తిట్టేవాడు. రెండు చోట్లా దొంగనే. చప్పుళ్లన్నీ సంగీతానికి పనికొస్తాయని ఇటలీ చిత్రకారుడు లుయిజీ రుసోలో 1913లోనే ప్రకటన రాసేశాడు, పారిస్ రేడియోలో పియెర్ షెఫేర్ 1948లో రైళ్ల శబ్దాలతో సంగీతం చేశాడు. వాళ్లు తలుపులు తెరిస్తే మేం అందులో దూరి లోపలి నుంచి గడియ పెట్టుకున్నాం.

చెవుల సంగతి కూడా చెప్పాలి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలుండొచ్చు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర పదిహేను నిమిషాలే అని చెవి డాక్టరు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. మేం ఆ ఇరుకు గదిలో ఫీడ్‌బ్యాక్ (స్పీకరు శబ్దం తిరిగి గిటార్‌లోకే వెళ్లి పుట్టే కూత) పెట్టుకుని గంటలు కూర్చున్నాం, చెవిలో దూది కూడా లేకుండా. ఇప్పుడు నా ఎడమ చెవిలో ఒక సన్నటి కూత పగలూ రాత్రీ మోగుతూనే ఉంటుంది. దీన్ని ఆర్పడానికి స్విచ్ లేదు.

స్విచ్ అంటే గుర్తొచ్చింది. టేపులాయన నియమానికీ ట్యూబులైటు శ్రుతికీ పొత్తు కుదరలేదు. శబ్దం చచ్చేదాకా కదలకూడదంటాడు, చోకు హోరేమో చావదు. మరి అయిపోయిందని ఎలా తెలుస్తుంది? లూ రీడ్ 1975లో తెచ్చిన ఫీడ్‌బ్యాక్ రికార్డుల జత 'మెటల్ మెషిన్ మ్యూజిక్'లో చివరి వైపు చివర గాడిని గుండ్రంగా మూసేశారు, ముల్లు ఎత్తేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. మా పరిస్థితీ అదే. ఒక రాత్రి అందరం వాయించడం ఆపేసి, ఎవరూ లేవలేక పావుగంట అలాగే కూర్చున్నాం. చివరికి వయొలిన్ ఆమె లేచి వెళ్లి మెయిన్ స్విచ్ పిడి కిందికి లాగింది. లైట్లు, యాంపులు, హోరు, అన్నీ ఒక్కసారే. ఆ చీకట్లోకి వచ్చిన నిశ్శబ్దం ఎంత పెద్దదంటే ఒకడు భయపడి అరిచాడు. అప్పటి నుంచి మా కచేరీలన్నీ అలాగే ముగిసేవి. రికార్డింగ్ మధ్యలో తెగకూడదు కాబట్టి బ్యాటరీలతో నడిచే చిన్న క్యాసెట్ రికార్డర్ పెట్టుకునేవాళ్లం.

ఆ గది చరిత్ర ముగియడంలో పెద్ద నాటకమేమీ లేదు. కొందరు వెళ్లిపోయారు, కొందరికి వేళ కుదరలేదు. ఒక రోజు వెళ్లేసరికి ట్యూబులైట్లకి పాత చోకులు తీసేసి ఎలక్ట్రానిక్ చోకులు వేసి ఉన్నాయి. మంచికే వేశారు. అవి సెకనుకి ఇరవై వేల పైచిలుకు సార్లు ఊగుతాయి, మనిషి చెవికి వినపడవు. లైటు వెలిగింది, గది మూగగా ఉంది. యాంపులు ఇంకా గుయ్‌మంటున్నాయి కానీ పైనుంచి ఏమీ రావడం లేదు. ఎవరికి వాళ్లం తీగలు సవరించుకుంటూ చాలాసేపు కూర్చున్నాం. ఆ రోజు ఏం వాయించామో నాకు గుర్తు లేదు.

ఈ "గది, చివరిది" క్యాసెట్ అంతకు ముందుది. కంప్యూటర్లోకి ఎక్కిస్తూ విన్నాను. మొదటి పది నిమిషాలు సాదా. తర్వాత గమనించాను, మొత్తం గది, గిటార్లూ వయొలిన్‌తో సహా, వెంట్రుకవాసి చొప్పున పైకి జరుగుతోంది. ముప్పై నిమిషాలు దాటేసరికి శ్రుతి స్పష్టంగా పెరిగింది. చివరికి దాదాపు ఒక అర్ధస్వరం పైన ఉన్నారు! ఆరుగురు మనుషులు మాటైనా అనుకోకుండా ముప్పావుగంట పాటు కలిసి ఒక అర్ధస్వరం ఎక్కారా? ఒళ్లు గగుర్పొడిచింది. ఎంత నిగ్రహం, ఏం చెవులు అనుకుని పొంగిపోయాను. మా డ్రమ్మర్‌కి ఫోన్ చేసి చెప్పాను కూడా.

రాత్రి పడుకున్నాక వెలిగింది. బ్యాటరీలు.

సెల్లు నీరసిస్తే మోటారు మెల్లగా తిరుగుతుంది. మెల్లగా రికార్డయిన టేపుని మామూలు వేగంతో వింటే అంతా పైశ్రుతిలో పలుకుతుంది. పొద్దున్నే లేచి హోరుని కొలిచాను. టేపు మొదట్లో 101, చివర్లో 106. కరెంటు అలా పెరగదు. మేం ఎటూ ఎక్కలేదు. ఉన్నచోటే ఉన్నాం, కింద సెల్లు చచ్చిపోతున్నాయి. డ్రమ్మర్‌కి మళ్లీ ఫోన్ చేసి చెబితే అతను నవ్విన నవ్వు నేనిక్కడ రాయలేను.

అయితే అందులోనే దారి కూడా దొరికింది. ఎక్కడికక్కడ హోరు వినపడుతోంది కాబట్టి దాన్ని ఎక్కడికక్కడ 100కి లాగితే చాలు, మిగతాదంతా వెనకాలే దిగొస్తుంది. రెండు రాత్రులు పట్టింది. 45 నిమిషాల వైపు 46 నిమిషాల చిల్లర అయింది. విన్నాను. ఎవరూ ఎటూ వెళ్లడం లేదు. ముప్పావుగంట ఒకే చోట. నా గిటార్ ఎక్కడుందో నాకే తెలియలేదు, రెండుసార్లు వెతుక్కున్నాను.

చివర్లో మెయిన్ స్విచ్ ధన్‌మని పడింది. హోరు పోయింది. అక్కణ్నుంచి నాకు ఆధారం లేదు. కరెంటు లేనిచోట టేపు ఎంత వేగంతో తిరిగిందో దేన్ని బట్టి చెప్పడం? చీకట్లో ఎవరో కుర్చీ జరిపారు. వెంటనే ఒక గొంతు, "కదలకండి, ఇంకా వస్తోంది." మొదటిసారి విన్నప్పుడు ఆ గొంతు ఎవరో కుర్రాడిదనుకున్నాను. టేపులాయన ఇప్పుడెక్కడున్నాడో తెలియదు, మిషన్లన్నీ ఎవరికో ఇచ్చేశాడని మాత్రం విన్నాను. హోరు ఉండుంటే 103 దగ్గర ఉండేదనుకుని సరిచేసి చూశాను, ఇంకా కుర్రాడే. 109 పెడితే నిద్రమత్తులో మాట్లాడుతున్నట్టుంది. 106 దగ్గర కాస్త ముక్కుతో పలికే ఆ బరువు గొంతు వచ్చింది.

దాని తర్వాత పదకొండు సెకన్లు హిస్ తప్ప ఏమీ లేదు. కత్తిరించలేదు.